మస్కట్ నుంచి తోడొచ్చినామె

మార్కాపురంలో కంభం రోడ్డు పక్కనున్న ఆ ఇంట్లో, మస్కట్‌కు ఒక్కదాన్నే పోయొస్తానని ఫర్హత్ చెప్పిన సాయంత్రం, పొయ్యి మీద టీ మరిగి మరిగి నల్లబడినా ఎవరూ లేచి చూడలేదు.

ఆమెకు ముప్పై ఒకటి. కొనకనమిట్ల హైస్కూల్లో లెక్కల టీచరు. తండ్రి బుడే సాహెబ్ పలకల ఫ్యాక్టరీలో రాయి కోసి కోసి, ఆ దుమ్ముకే ఊపిరి పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంటిని నిలబెట్టింది ఫర్హతే. తమ్ముడు జావీద్‌ను గల్ఫ్ పంపింది. వాడు నాలుగేళ్ళకు తిరిగొస్తే సెల్‌ఫోన్ల దుకాణం పెట్టించింది. ఇన్నేళ్ళలో తన కోసం అడిగింది ఇదొక్కటే. దసరా సెలవుల్లో ఆరు రోజులు. సముద్రం, కోటలు, ఎవరికీ వండిపెట్టనక్కర లేని పొద్దులు.

"ఎవరితో పోతావు?" తల్లి కమ్రున్నీసా మళ్ళీ అడిగింది, మొదటిసారి వినబడనట్టు.

"ఒక్కదాన్నే అమ్మీ."

"ఆపా, నేను నాలుగేళ్ళు ఉన్నది ఆ దేశాల్లోనే" అన్నాడు జావీద్. "ఆడమనిషి ఒక్కతే తిరిగేదానికి అదేమన్నా మన కంభం చెరువు కట్టా?"

"అక్కడ మనకంటే భద్రమంట రా. ఒంటరిగా పోయొచ్చిన ఆడోళ్ళు ఎంతమంది రాసినారో చదివినా."

"టికెట్ కొనుక్కొని చూసేదానికి పోయినోళ్ళు రాస్తారు. ఇండ్లలో పనికి పోయినోళ్ళు ఏం రాస్తారు?"

ఫర్హత్ ఆ మాట విన్నది. అయినా పోయింది.

మొదటి మూడు రోజులూ ఆమె చదివిందే నిజమైంది. బస్సులో ఆడవాళ్ళకు ముందు సీట్లు ఖాళీ చేసి ఇచ్చారు. టాక్సీ అతను దారి పొడవునా నోరెత్తలేదు. కోట బురుజు ఎక్కి, గాలికి ఎగురుతున్న దుపట్టాను పట్టుకుని, తల్లికి వీడియో కాల్ చేసింది. "చూడు అమ్మీ, ఎవరన్నా నా వంక చూస్తున్నారా?" కమ్రున్నీసా ఫోన్‌కు మొహం ఆనించి నలుదిక్కులా వెతికి, చివరికి నవ్వింది.

నాలుగో రోజు మత్రా బజారుకు పోయింది. పాత సరుకుల మధ్య, అగరు వాసన మధ్య తిరుగుతూ టైము చూసుకోలేదు. ఒంటిగంటకు అక్కడి దుకాణాలు మూస్తారు, మళ్ళీ నాలుగింటికి గాని తెరవరు. షట్టర్లు ఒకటొకటే దించుతుంటే, సముద్రం వైపు దగ్గర దారి అనుకుని వెనక సందులోకి తిరిగింది.

సందులో నుంచి ఇంకో సందు. అన్నీ తెల్లటి గోడలే. మనిషి ఎత్తుకు రెట్టింపు గోడలు, ఎక్కడో పైన చిన్న కిటికీలు, వాటికి ఇనుప జాలీలు. నడినెత్తిన ఎండ. నీడ అన్నది లేదు. కాకి అరుపు లేదు, రేడియో మోత లేదు. తన చెప్పుల చప్పుడు గోడలకు తగిలి, ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగి వినబడుతోంది. ఫోన్‌లో మ్యాపు గిరగిర తిరిగి ఆగిపోయింది.

అప్పుడే వెనక కారు శబ్దం.

తెల్ల కారు. చాలా నిదానంగా వస్తోంది. ఆమె ఆగితే అదీ ఆగింది. ఆమె నడిస్తే అదీ కదిలింది. పరిగెత్తాలా? ఎటు? ముందు సందు రెండుగా చీలింది. ఆమె ఎడమకు తిరగబోయింది.

"అటు పోబాక పాపా... ఇట్ల రా."

ఫర్హత్ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తెలుగు. తెలుగంటే అట్లాంటి ఇట్లాంటి తెలుగు కాదు, తమ మార్కాపురం బస్టాండులో వినబడే తెలుగు.

కుడివైపు గోడలో చిన్న ఇనుప తలుపు. దాని ముందు ఒకామె నిలబడి ఉంది. వెలిసిపోయిన నీలం గౌను, తలకు గుడ్డ. పనిమనుషులు వేసుకునే బట్టలు. సన్నటి మొహం, ఎత్తు బుగ్గ ఎముకలు, ముందు పళ్ళ మధ్య సందు. ముప్పై దాటి ఉండవు. ఆమె దగ్గర బట్ట మాడిన వాసన. ఇస్త్రీ పెట్టె మరిచిపోతే వచ్చే వాసన.

కారు వాళ్ళ పక్కకు వచ్చి ఆగింది. అద్దం దిగింది. లోపలి మనిషి చూపు ఫర్హత్ మీద లేదు. ఆమె భుజం పక్కనుంచి వెనక్కు చూస్తున్నాడు. మొహంలో రక్తం లేదు. ఏదో గొణిగి, కారును ఒక్క ఊపున లాగించుకుని పోయాడు.

"మాది యర్రగొండపాలెం అవతల పల్లె. మార్తమ్మ అంటారు" అంది ఆమె, ముందు నడుస్తూ. "నా కొడుకు ఏబేలుకు అయిదేండ్లు. మా అమ్మ యల్లమ్మ దగ్గర ఇడిసిపెట్టి వచ్చినా. నువ్వెవరి ఇంట్లో పని?"

"పని కాదక్కా. ఊరు చూసేదానికి వచ్చినా."

"ఎవరు తోలకొచ్చినారు?"

"ఎవరూ లేరు. ఒక్కదాన్నే."

ఆమె ఆగి వెనక్కు తిరిగింది. "నీ పాస్‌పోర్టు ఎవరి కాడ ఉండాది?"

"నా దగ్గరే."

"నీ కాడనే?" ఆమె నమ్మలేదు. "ఏదీ... చూపీ."

ఫర్హత్ బ్యాగులోంచి తీసి చూపించింది. పసిబిడ్డ బుగ్గను తాకినట్టు ఆమె ఒక వేలితో ఆ నీలం అట్టను తాకింది. గౌను చెయ్యి కొంచెం పైకి జరిగింది. ముంజేతి మీద మూడు మూలల మచ్చ... దాని పైన ఇంకొకటి... మోచెయ్యి దాకా.

"అక్కా, ఎవరు చేసినారు ఇది? పద, ఎంబసీకి పోదాం. ఇప్పుడే పోదాం."

"ఎంబసీ వద్దు." ఆమె గుసగుసలోకి దిగింది. "నువ్వు పోయేటప్పుడు నన్ను గూడ రమ్మను. ఊరికే నోటితో అను. చాలు."

పిచ్చిమాటల్లా ఉన్నాయి. కానీ ఆ కళ్ళలోకి చూస్తూ కాదని ఎట్లా అంటుంది? రోజూ వంద మంది పిల్లలతో, వాళ్ళ తల్లులతో మర్యాదగా మాట్లాడే నోరు అది.

"సరే... రండి" అంది ఫర్హత్.

పైన కిటికీలో ఏదో టక్కుమంది. తలెత్తి చూసి మళ్ళీ దించేసరికి, ఎదురుగా సముద్రపు రోడ్డు, పడవలు, మనుషులు. పక్కన ఎవరూ లేరు.

మర్నాడు ఎంబసీకి ఫోన్ చేసి విషయం చెప్పింది. పేరు, ఊరు రాసుకున్నారు. ఇంటి నంబరు అడిగారు. ఆమెకు తెలియదు. ఆ సందు కోసం రెండుసార్లు తిరిగింది. తెల్ల గోడలున్నాయి. ఇనుప తలుపు లేదు.

హోటలు ఖాళీ చేసే పొద్దున, కౌంటర్లో అమ్మాయి ఆమె వెనక్కు చూసి నవ్వుతూ అడిగింది, మీతో ఉన్నామెకు కూడా టిఫిన్ కట్టివ్వమంటారా అని.

"ఎవరికి?"

అమ్మాయి నవ్వు మెల్లగా ఆరిపోయింది. తాళం తీసుకుంది.

విమానంలో పక్క సీటు ఖాళీ. పైనుంచి చల్లగాలి వస్తున్నా అక్కడినుంచి మాడిన బట్ట వాసన వదలలేదు. ఫర్హత్ మొహానికి దుపట్టా అడ్డం పెట్టుకుని, తనకు వచ్చిన ఖురాన్ ఆయతులన్నీ లోపల్లోపల చదువుకుంది. కళ్ళు మాత్రం అటు తిప్పలేదు. ఎయిర్‌హోస్టెస్ వచ్చి, ఖాళీ సీటు మీదికి వంగి, బెల్టు పెట్టుకోమని చెప్పి పోయింది.

హైదరాబాదులో దిగి, మర్నాడు మధ్యాహ్నం మార్కాపురం బస్సు ఎక్కింది. మాచర్ల దాటాక ఎండ ఎర్రబడింది. కండక్టరు టికెట్లు చూసుకుంటూ వచ్చి, ఆమె దగ్గర ఆగి అన్నాడు: "మీ పక్కామె యర్రగొండపాలెంలో దిగాలంటాంది. మీరు గూడ అక్కడేనా?"

ఫర్హత్ కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది. భయంలోనే ఒక ఆలోచన తోచింది. ఆమె అడిగింది ఇల్లే కదా. ఇంటికి చేరిస్తే అయిపోతుంది. తల్లి దగ్గర వదిలేస్తే, కొడుకు దగ్గర వదిలేస్తే... తనను ఇడిసిపెడుతుంది.

"అవును" అంది. "ఇద్దరం అక్కడే."

యర్రగొండపాలెంలో దిగేసరికి పొద్దు వాలుతోంది. ఆటోల దగ్గర ఏబేలు వాళ్ళ అవ్వ యల్లమ్మ ఇల్లు అడిగితే, నేనే ఏబేలును అంటూ ఒక మనిషి ముందుకొచ్చాడు. అయిదేళ్ళ పిల్లాడు కాదు, ఇరవై ఆరేళ్ళుంటాయి. గడ్డం, ఖాకీ చొక్కా. వాళ్ళమ్మ పేరు మార్తమ్మేనా అని అడిగితే అతని మొహం మారింది.

"మా అమ్మ మీకెట్ల తెలుసు మేడం?"

"మస్కట్‌లో... మీ ఊరామె ఒకామె చెప్పింది. మీ అవ్వను చూసి పోదామని."

అంతకంటే చెప్పలేకపోయింది. ఆటో మట్టిదారి పట్టింది. ఒకవైపు కంది చేలు, ఒకవైపు నల్లమల కొండ నల్లగా. ఏబేలు అద్దంలో చూస్తూ మాట్లాడాడు.

"నాకు అయిదేండ్లప్పుడు పోయినాది. ఏడాది దాకా ఫోన్లు చేసినాది. తర్వాత ఒక పెట్టె వచ్చినాది మేడం. మేకులు కొట్టి ఉండాది. తెరవొద్దన్నారు. తెరవకుండానే పూడ్చినాము. మా అవ్వ మాత్రం ఒప్పుకోలే. అది నా బిడ్డ కాదు, నా బిడ్డ వస్తాదని ఒకటే మాట. ఇప్పుడు కండ్లు పోయినాయి, ఆరేండ్లుగా మంచం దిగలే. అయినా అదే మాట."

ఫర్హత్ కంటి కొసతో పక్కకు చూసింది. ఆటో సీటులో ఆమె పక్కన, రెక్సిన్ లోపలికి అణిగి ఉంది.

ఇల్లు పల్లె చివర. ఒకటే గది, ముందు రేకుల పంచ. వాకిట్లో కుక్క వాళ్ళను చూసి మొరగలేదు. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, నేల మీద పొట్ట ఆనించి, వెనక్కి వెనక్కి పాకింది.

"ఎవరు రా అబ్బయా?" లోపలి నుంచి ముసలి గొంతు.

ఫర్హత్ గడప ఇవతలే ఆగింది. చెవి పక్కన వెచ్చటి ఊపిరి. ఎవరో గుమ్మం ముందు ఓపిగ్గా నిలబడి ఉన్నారు. పిలుపు కోసం.

"బయటూరి నుంచి వచ్చినారవ్వా, నిన్ను చూసేదానికి" అన్నాడు ఏబేలు.

"అట్లనే నిలబడినారేంది? లోపలికి రండమ్మా... రండి."

గడప మీద గాలి కదిలింది. ఫర్హత్ భుజాల మీది బరువు ఒక్కసారిగా తేలిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేర్చాను అనుకుంది. మంచం మీద యల్లమ్మ తల పక్కకు తిప్పి, గాలిలో చెయ్యి చాచి, ఎవరి బుగ్గో నిమురుతున్నట్టు వేళ్ళు కదిపింది. గుడ్డికళ్ళు మెరుస్తున్నాయి.

"వచ్చినావా తల్లీ... ఎంత చిక్కిపోయినావు..."

ఏబేలు లైటు వేశాడు. గోడ మీద దండ వేసిన ఫోటో.

"మా అమ్మ" అన్నాడు.

గుండ్రటి మొహం. పెద్ద కళ్ళు. ముక్కుకు రెండు వైపులా పుడకలు. పళ్ళ మధ్య సందు లేదు.

ఈమె కాదు.

ఫర్హత్ మళ్ళీ చూసింది. సందులో కనిపించిన మనిషి ఈమె కాదు. ఈమె పేరు చెప్పింది, ఈమె కొడుకు వయసు చెప్పింది, ఈమె మాటే నేర్చుకుంది... కానీ ఈమె కాదు. అలాంటప్పుడు మంచం దగ్గర ఉన్నది ఎవరు?

చెప్పాలని నోరు తెరిచింది. యల్లమ్మ నవ్వుతోంది. ఇరవై ఏళ్ళ ఎదురుచూపు తీరిన నవ్వు. ఫర్హత్ చీకటి పడకముందే పోవాలని చెప్పి, ఏబేలుకు తన నంబరు ఇచ్చి, అదే ఆటోలో వెనక్కు తిరిగింది. దారంతా తనకు తాను చెప్పుకుంది: ఎవరైతేనేం, పాపం, ఏదో ఒక ఇల్లు దొరికింది.

మూడో రోజు మధ్యాహ్నం, ఫర్హత్ అన్నం తింటుండగా ఏబేలు ఫోన్ చేశాడు.

"మేడం, మా అవ్వ లేచినాది." అతని గొంతులో సంతోషం లేదు. "పొద్దున నాలుగింటికి లేచి ఇల్లు తుడుస్తాంది. తుడిచిందే తుడుస్తాంది. కడిగిన బోకులే కడుగుతాంది. వేళ్ళు చీలి రక్తం కారుతున్నా ఆపదు. అన్నం పెడితే మా ముందర తినదు, పెరట్లోకి పోయి నిలబడి తింటాది. ఆపబోతే కాళ్ళ మీద పడి ఏదో చెప్తాది. అది తెలుగు కాదు మేడం. మీరు చదువుకున్నోళ్ళు, ఏం చెప్తాందో వినండి."

అతను ఫోన్ దగ్గర పెట్టాడు. నేల మీద తడిగుడ్డ ఈడ్చే చప్పుడు. దాని మీద యల్లమ్మ గొంతు. సన్నగా, ఆగకుండా, వేడుకుంటున్నట్టు. ఫర్హత్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. అరబ్బీ కాదు, ఉర్దూ కాదు. ఆమె అది రికార్డు చేసింది.

సాయంత్రం జావీద్ దుకాణం నుంచి రాగానే మొత్తం చెప్పి, ఫోన్ వాడి చేతిలో పెట్టింది. గల్ఫ్‌లో క్యాంపు వంటశాలలో పది దేశాల వాళ్ళతో కలిసి పనిచేసినవాడు. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. వెనక్కు జరిపి మళ్ళీ విన్నాడు. మూడోసారి వినలేదు. ఇయర్‌ఫోన్లు తీసి, మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఏ భాష రా అది?" అంది ఫర్హత్.

"మొదట శ్రీలంకోళ్ళ మాట" అన్నాడు జావీద్. "మధ్యలో ఫిలిప్పీన్సోళ్ళది. ఆ తర్వాతది ఆఫ్రికా వైపుది, నేను క్యాంపులో విన్నా గాని పేరు తెలీదు." వాడు ఆమె వంక చూడలేదు. తలుపు వంక చూస్తున్నాడు.

"ఇంకా ఉన్నాయి ఆపా. నువ్వు 'రా' అనలేదు, 'రండి' అన్నావు. నాకు తెలిసినవి ఆ మూడే."