ఖాళీ స్లాట్

“అల్లుడా, ఎన్నూరుకు పంపిన రెండు డబ్బాల్లో ఒకటి రిపేరుకొచ్చిందప్పా. నిన్న మూత తీసి చూస్తే ఖాళీ స్లాట్‌లో నేను పెట్టని మోడెం కార్డుండాది. ఫోన్లో వద్దు. నువ్వు ఈడికి రా.”

ఆదికేశవులు పొద్దున పంపిన వాయిస్ మెసేజ్ అది. అల్లుడు శివరామ్ నిఘా సంస్థలో ఫీల్డ్ ఏజెంట్. అతను చూలైలోని వర్క్‌షాప్ చేరేసరికి మామగారు బెంచీ మీద వాలిపోయి ఉన్నాడు. వేళ్లు కమిలి నల్లబడ్డాయి. చేతిలో స్క్రూడ్రైవరు, ముందు మూత తీసిన ఫైర్‌వాల్ డబ్బా.

లైసెన్సు తీరిందని కంపెనీలు పారేసే, హ్యాకర్లను అడ్డుకునే ఫైర్‌వాల్ డబ్బాలు కొని, పాత సాఫ్ట్‌వేర్ తుడిచేసి, ఓపెన్‌సోర్స్ ఎక్కించి, ఖాళీ స్లాట్‌లో అదనపు నెట్‌వర్క్ కార్డు బిగించి అమ్మడం ఆయన వ్యాపారం. ఎన్నూరులో అమ్మోనియా ట్యాంకుల కంట్రోల్ రూమ్‌కు కాపలా ఆయన పంపిన రెండో డబ్బాయే. అక్కడ డ్యూటీ ఇంజనీరు ఆయన కూతురు, శివరామ్ భార్య జనని.

“సారీ శివరామ్,” అంది పట్టుచీరలో మెరిసిపోతున్న సంయుక్త. ఢిల్లీ ఆఫీసు విదేశీ ముఠాలోకి చొప్పించిన డబుల్ ఏజెంట్. మామ మెసేజ్ సంగతి శివరామ్ చెప్పగానే అతని చీఫ్ వాసంతి మేడమే ఆమెను ముందుగా పంపింది. “నా కళ్లముందే జరిగింది. కార్డు విప్పుతుంటే షాక్ కొట్టింది.”

శివరామ్ గోడవైపు చూశాడు. సరస్వతి పటం ముందు పటకార్లు, సాల్డరింగ్ ఐరన్, స్క్రూడ్రైవర్లు వరసగా ఉన్నాయి. అన్నిటికీ గంధం, కుంకుమ. ఆయుధపూజనాడు పనిముట్టు ముడితే మహాపాపమనుకునే మనిషి ఆదికేశవులు. పోయినేడు ఫ్యాను ఆగిపోతే పొద్దస్తమానం చెమటలు కక్కుతూ కూర్చున్నాడు గానీ స్క్రూ తిప్పలేదు. ఆయన చేతిలోని స్క్రూడ్రైవరుకు బొట్టు లేదు.

“ఈవేళ ఆయన స్క్రూడ్రైవరు పట్టడు,” అన్నాడు శివరామ్.

సంయుక్త కొంగు చాటునుంచి సైలెన్సర్ పిస్టల్ తీసి కాల్చింది.

మొదటి గుండు శివరామ్ భుజాన్ని చీల్చింది. రెండోదానికి ఫైర్‌వాల్ డబ్బా అడ్డుపెట్టాడు. గుండు హీట్‌సింక్‌లో ఇరుక్కుంది. అంతలో తలుపు చాటునుంచి ఆమె మనిషి సెల్వం దూకి అతని మెడకు తీగ బిగించాడు. శివరామ్ గిర్రున తిరిగాడు. మూడో గుండు సెల్వం వీపులో దిగింది. నాలుగోది పేలకముందే ఇనుప డబ్బా ఆమె కణతకు తగిలింది. సంయుక్త మళ్లీ లేవలేదు. పండగకు కడిగిన నేలంతా నెత్తురైంది. మామను చంపిన చేతిని విరగ్గొట్టాలన్నంత కోపం వచ్చింది శివరామ్‌కు.

కిందపడిన ఆమె ఫోన్ వెలిగింది. ఎన్నూరు. మెయిన్ వాల్వ్ తెరుచుకోవడానికి సెకన్లు: నలభై, ముప్పై తొమ్మిది... అక్కడి డబ్బాలోనూ అలాంటి మోడెమే ఉండాలి, వాల్వు తిప్పేది దానిగుండానే.

శివరామ్ డ్యూటీలో ఉన్న భార్యకు తన ఫోన్ కలిపి, ఇంటి కబురు చెప్పినంత మామూలుగా అన్నాడు. “జననీ, పులిహోర.”

ఆ మాట వింటే ప్రశ్నలుండకూడదని వాళ్లిద్దరి ఒప్పందం.

“చెప్పండి.”

“మీ నాన్న ఇచ్చిన ఫైర్‌వాల్ డబ్బా. పగలగొట్టు.”

“ర్యాక్ తాళం మేనేజర్ కాడ ఉండాది.”

“అక్కడ పూజలో సుత్తి పెట్టారా?”

ఫోన్లో పరుగు, గాజు పగిలిన చప్పుడు, ఇనుము మీద దెబ్బలు. భుజంనుంచి నెత్తురు మోచేతి దాకా కారింది. నాలుగు, మూడు, రెండు.

స్క్రీన్ మీద అంకె ఆగిపోయింది. లింక్ లాస్ట్.

“డబ్బా పొడిపొడి అయిపోయింది,” అంది జనని ఆయాసపడుతూ. “వాల్వు మూసే ఉండాది. ఏమండీ, పూజలో సుత్తి తీసినానని నాన్నకు చెప్పబాకండి. పండగపూట తిడతాడు.”

శివరామ్ బెంచీ మీదికి చూశాడు.

“చెప్పను.”

ఎక్కడికి పోతున్నాడో ఎప్పుడొస్తాడో భార్యకు అబద్ధం చెప్పి బతికే ఉద్యోగం అతనిది. ఈసారి మాత్రం నిజమే చెప్పాడు.