నలభై బావుల గాలి

మదురై మాట్టుతావణి బస్‌స్టాండ్‌లో పట్టపగలు ఇంజనీర్ వీర్రాజు గొంతు తెగింది. చుట్టూ రెండొందల మంది ఉన్నారు. చూశానని ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు.

గోదావరి జిల్లాల గ్యాస్ బావుల్లో ఓ విదేశీ కంపెనీ "లీకు సున్నా" అని రాసుకుంటూ మీథేన్‌ని ఆకాశంలోకి వదిలేస్తోంది. వీర్రాజు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో నలభై బావులూ షూట్ చేసి, వారంపాటు కోయంబత్తూరు దగ్గర సూలూరులో దాక్కున్నాడు.

"రేపు నాలుగింటికి కోర్టులో హియరింగ్. వీర్రాజు మెమరీ కార్డు రాకపోతే వాళ్లకు క్లీన్ సర్టిఫికెట్. ఇంకో ఇరవై ఏళ్లు వదుల్తారు," అన్నాడు నిఘా విభాగం చీఫ్ కుళందైసామి. శవం జేబులో దొరికిన తెలుగు చీటీని ఏజెంట్ సీతారామ చేతిలో పెట్టాడు. ఆఫీసులో ఎవడో అమ్ముడుపోయాడనీ, దాన్ని ఫోన్‌లో ఎవరికీ పంపొద్దనీ హెచ్చరించాడు. తోడుగా ఎనలిస్ట్ జననిని ఇచ్చాడు. సూలూరు పిల్లే, మిల్లు నాయుళ్ల ఇల్లు.

తెలుగు అక్షరాలు చదవగల ముసలి అయ్యవారొకడు సూలూరులో ఉన్నాడు. మర్నాడు ఆయన ఇంటికి పోతుంటే కారులో జనని చీటీ లాక్కుని చూసింది.

"అయ్యవారెందుకన్నా? పాత పవర్‌లూమ్ షెడ్డు, ఏడో మగ్గం కింద."

సీతారామ కారు షెడ్డు వైపు తిప్పాడు.

షెడ్డులో మగ్గాలు చెవులు పగిలేలా మోగుతున్నాయి. మనుషులు టీకి పోయారు. జనని వంగి కార్డు తీసింది.

"ఏ పళ్ళికూడంలో చదివినావమ్మా?" అన్నాడతను.

"సూలూరులోనే. తమిళ మీడియం."

"నేనూ అంతే. నాలుగు వందల ఏండ్లుగా మనకి తెలుగు నాలుక మీదే ఉండాది. నీ ఈడుదానికి చదవను ఎవరు నేర్పినారు?"

ఆమె నవ్వింది. "కంపెనీవాళ్లు బాగా ట్రెయినింగ్ ఇచ్చారులే," అంటూనే కాల్చింది.

బుల్లెట్ అతని భుజం చీల్చింది. అతను మీద పడేసరికి తుపాకీ ఎగిరిపోయింది. ఆమె దూసిన కత్తి అతని అరచేతిలో దిగింది. ఆ చేత్తోనే ఆమె ముక్కు పగలగొట్టాడు. ఆమె వెనక్కి తూలింది. చున్నీ మగ్గం బెల్టులో చిక్కుకుంది. అతను స్విచ్ దాకా పోలేదు. మెడ విరిగిన చప్పుడు మగ్గాల మోతలో కలిసిపోయింది.

రక్తం కారే వేళ్లతో ఆమె దగ్గరి కార్డు తీసి ఫోన్‌కి తగిలించాడు. మూడూ యాభై ఎనిమిది. ఎనభై శాతం. తొంభై. మూడూ యాభై తొమ్మిదికి ఫైలు కోర్టుకి చేరింది. నాలుగున్నరకి నలభై బావులకూ సీలు వేయమని ఆర్డరొచ్చింది.

రిపోర్టులో ఏం రాయాలని చీఫ్ అడిగాడు.

"మిల్లులో కొట్లాటని రాయండి సార్. కంటికి కనపడని గాలి కోసం ఇద్దరు చచ్చినారంటే మా అమ్మ కూడా నమ్మదు."