చీమలు పట్టిన మిషను

"రమ్ము నిండా ఉందండీ, అమ్మగారూ!"

పెరట్లోంచి మెకానిక్కు లాజరు వేసిన ఈ కేక వినబడగానే వంటింట్లో మాణిక్యాంబగారి చేతిలో పప్పుగుత్తి టక్కున ఆగిపోయింది.

"ఏంటే కరుణా, ఆ అబ్బాయి పొద్దున్నే రమ్మంటాడేంటి? మన పెరట్లో రమ్మేంటి?"

"రమ్ము కాదత్తయ్యా, డ్రమ్ము. మిషన్లో బట్టలు తిరిగే తొట్టిని డ్రమ్మంటారు. అందులో నీళ్ళు కిందకి దిగట్లేదంటున్నాడు," అంది కరుణ నవ్వాపుకుంటూ.

"మరి ఆ 'డ' మింగేస్తే ఎలాగమ్మా! పక్కవాళ్ళు వింటే మన పరువేం కాను?"

"రమ్మైనా బాగుండేదమ్మా! తాగి నేను పడుకునేవాణ్ణి. ఇప్పుడు నీళ్ళు తాగి అది పడుకుంది," అన్నాడు కరుణ భర్త సుబ్రహ్మణ్యం గడ్డానికి సబ్బు నురగతోనే వసారాలోకి వచ్చి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అది. దేశంలో ఎత్తేసిన ఎమర్జెన్సీని ఎవరో తీసుకొచ్చి తెనాలిలోని తమ పెరట్లో దించారని సుబ్రహ్మణ్యం అందరితో చెప్పుకునేవాడు. ఏళ్ళ తరబడి ఆ ఇంటి బట్టలు ఉతికిన పేరమ్మ మోకాళ్ళ నొప్పులతో కొల్లూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. కరుణకేమో రేపల్లె ఆడపిల్లల బడిలో సైన్సు టీచరు ఉద్యోగం కొత్తగా వచ్చింది. ఉదయం రైలుకి వెళితే దీపాలు పెట్టే వేళకి గాని ఇంటికి చేరదు. బాపట్లలో సుబ్రహ్మణ్యం గుమాస్తాగా పనిచేసే ఆఫీసులో ఇంజనీరుగారెవరో బదిలీ మీద వెళుతూ బట్టలుతికే మిషను అమ్ముతుంటే, కొని లారీ మీద వేయించుకొచ్చాడు. వీధి వీధంతా వచ్చి చూసింది. ఒకావిడ బొట్టు కూడా పెట్టింది.

బొట్టు పెట్టించుకున్న కొత్తకోడల్లా కొన్నాళ్ళు బుద్ధిగానే పనిచేసింది. ఆ తర్వాత మొదలైంది అలక. మోటారు మూలుగుతుంది గాని డ్రమ్ము తిరగదు. అది తిరగదు గాని ఇంటిల్లిపాదినీ బాపట్ల చుట్టూ తిప్పింది. ఎందుకంటే ఇలాంటిది విప్పే ధైర్యమున్న మనిషి ఆ చుట్టుపక్కల లాజరొక్కడే. బాపట్లలో రేడియోలు, పొలం మోటార్లు బాగుచేసే కొట్టు అతనిది. మొదటిసారి వచ్చి బెల్టు అన్నాడు. ఇంకోసారి వోల్టేజీ అన్నాడు. ఇప్పుడేమో మద్రాసు నుంచి పార్టు రావాలంటున్నాడు.

అసలు వింత అది కాదు. లాజరు వచ్చి, చేతులు కడుక్కుని, వేడినీళ్ళు తెప్పించి డ్రమ్ము కడిగాడంటే చాలు, మిషను గిర్రున తిరిగేది. అతను బస్సెక్కిన రెండోనాడో మూడోనాడో మళ్ళీ మొండికేసేది.

ఆ ఆదివారం కూడా అంతే. వేడినీళ్ళు పడగానే డ్రమ్ము తిరిగింది.

"చూశారాండీ! నా చెయ్యి పడితే చాలు," అన్నాడు లాజరు గర్వంగా.

"అయితే ఆ చెయ్యి ఇక్కడే వదిలి వెళ్ళవయ్యా!" అన్నాడు సుబ్రహ్మణ్యం. "లాజరు ఉంటే హాజరు, లాజరు వెళితే బేజారు! ఇది వాషింగు మిషను కాదు, వాయిదా మిషను! ఉతుకు కోసం తెస్తే బతుకు మీదికొచ్చింది."

అందరూ నవ్వారు, కరుణ కూడా. కానీ సుబ్రహ్మణ్యం నవ్వలేదు. నురగ తుడుచుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"హాస్యానికి కాదు కరుణా. దీన్ని తూకానికి అమ్మేస్తాను. ఇంటెడు బట్టలు అమ్మ ఉతకలేదు. ఈ నెలాఖరుకి నువ్వు బడి మానెయ్యి."

కరుణకి తన క్లాసు గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలు ఇప్పుడిప్పుడే చెయ్యెత్తి ప్రశ్నలడుగుతున్నారు. ఏడుపొస్తుంటే తల దించుకుంది. దించుకున్న కళ్ళకి చీమలు కనిపించాయి.

ఎర్రచీమలు బారులు తీరి గోడ వారనే వస్తున్నాయి. వంటింటి వైపు చూడనైనా చూడకుండా తిన్నగా మిషను దగ్గరికెళ్ళి, నీళ్ళు బయటికొచ్చే గొట్టంలోకి దూరుతున్నాయి. బెల్లం డబ్బాని వదిలేసి ఇనుప డబ్బాకి చీమలెందుకు పట్టాయి? ఏడుపు మర్చిపోయి కరుణ ఒంగి వాసన చూసింది. పుల్లటి వాసన.

"లాజరుగారూ, ఈ గొట్టం ఊడదీయండి."

"గొట్టంలో ఏముంటుందమ్మా! పార్టు..."

"పార్టు సంగతి తర్వాత. ముందు గొట్టం."

"దాని జోలికి వెళ్ళకే!" మాణిక్యాంబగారు చీపురుతో పరిగెత్తుకొచ్చారు. "చీమలేగా, నేను ఊడ్చేస్తాగా!"

కరుణ అత్తగారి మొహంలోకి చూసింది. ఆ కంగారు, ఆ చీపురు చూడగానే, తన ఉద్యోగం ఆవిడకి ఇష్టం లేదేమోనన్న ఇన్నాళ్ళ అనుమానానికి ఒక రూపం వచ్చింది.

"అంటే మీకు తెలుసన్నమాట," అంది. "నేను ఉద్యోగం చెయ్యడం ఇష్టం లేకపోతే నోటితో చెప్పాల్సిందండీ. మిషన్లో ఏదో వేసి, దాన్ని పాడుచేసి, నన్ను మాన్పించాలా?"

"కరుణా!" అన్నాడు సుబ్రహ్మణ్యం.

గోడ మీంచి పక్కింటి తలలు లేచాయి. లాజరు గొట్టం ఊడలాగాడు. తెల్లటి ముద్ద ఒకటి థప్పుమని కింద పడింది. అందులో మెతుకులు.

"గంజే అమ్మాయ్," అన్నారు మాణిక్యాంబగారు మెల్లగా.

"సబ్బుపొడి తప్ప ఇంకేదీ వెయ్యొద్దని చెప్పాను కదండీ!" లాజరు నెత్తి కొట్టుకున్నాడు.

"నువ్వు చెప్పింది గుండీలు, పిన్నీసులు అనుకున్నా నాయనా. గంజి కూడా ఒక వస్తువేనా? రోజూ వార్చేదేగా!"

"బకెట్లో పెట్టుకోవచ్చుగా అమ్మా, ఎప్పుడూ పెట్టినట్టు!" అన్నాడు సుబ్రహ్మణ్యం.

ఆవిడ చేతులు కొంగు కింద దాచుకున్నారు. కరుణ దగ్గరికెళ్ళి, ఆ చేతులు బయటికి తీసి చూసింది. మణికట్లు రెండూ వాచి ఉన్నాయి.

"పిండలేకపోతున్నానే. అది గిర్రున తిరిగి పిండేస్తుంది కదా అని, నువ్వు రైలుకెళ్ళాక నీ చీరలు గంజితో సహా అందులో వేసి తిప్పా."

"నాతో ఒక్కమాట చెప్పకూడదా అత్తయ్యా?"

"చెబితే బడి మానేసి కూర్చుంటావుగా!" ఆవిడ కళ్ళు నిండాయి. "చేరిన కొత్తలో పెద్ద క్లాసు పిల్లలు నిన్నూ విద్యార్థినే అనుకుని నవ్వారని ఇంటికొచ్చి ఏడ్చావు. ఒడ్డూ పొడుగూ లేనిదానివి. చీరైనా నిటారుగా నిలబడితే పంతులమ్మలా కనబడతావని..."

బియ్యంలో పిండిపదార్థం ఉంటుందని నల్లబల్ల మీద రాసే మనిషి కరుణ. చీమల బారు చూసి ఆరా తీసింది. కానీ ఒంటి మీద చీర రోజూ ఫెళఫెళలాడుతుంటే, దీనికి గంజి పెట్టిన చెయ్యి ఎవరిదని ఒక్కనాడూ అడగలేదు. అత్తగారి మణికట్లని కళ్ళకద్దుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"మోటారుది తప్పేం లేదండీ," గోడవతల వాళ్ళకి లాజరు గొంతెత్తి వివరిస్తున్నాడు. "గంజి గొట్టంలో గడ్డకట్టి, పైకి తన్ని డ్రమ్ము అడుగున దాన్ని తిప్పే చక్రాన్ని పట్టేసిందన్నమాట. వేడినీళ్ళకి పైది కరిగేది, గొట్టంలోది అలాగే ఉండిపోయేది. ఎందుకు తిరిగేదో ఇవాళ్టిదాకా నాకూ తెలీదండీ. తిరిగింది కదాని ఊరుకున్నా!"

సుబ్రహ్మణ్యం పంచె ఎగగట్టాడు. బకెట్లో గంజి కలిపి, తడిచీర ముంచి, ఒక కొస కరుణకిచ్చి రెండో కొస తను పట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నన్ను పిండుకు తిన్నారు. ఇవాళ్టి నుంచి నాచేతే పిండిస్తున్నారు," అన్నాడు.

"అలా కాదురా! నువ్వు కుడికి తిప్పితే అది ఎడమకి తిప్పాలి," అన్నారు మాణిక్యాంబగారు కళ్ళు తుడుచుకుంటూ అరుగు మీద కూర్చుని. "గట్టిగా తిప్పరా, తెల్లారితే అది బడికెళ్ళాలి!"