ఆకుపచ్చ పెట్టె

ఆ ఇంట్లో తెల్లారితే ముందు వినపడేది రైలు కూత. ముందుగదిలో పెద్ద బల్ల, దాని అంచు వెంబడి చుట్టూ పట్టాలు, వాటి మీద జానెడేసి పెట్టెల రైలు. పక్కన స్టూలు మీద పెయింటరుగారు. రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు పెట్టెలకు రంగులేసి రిటైరైన మనిషి. ఇప్పుడు పెట్టెల పిల్లలకు వేస్తున్నారు, అంతే తేడా.

ఈ రైలు కోసం ఆయన మూడేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకున్నారు. రైళ్ళు వేరువేరు కంపెనీల చేతుల్లో ఉన్న పాతకాలంలో దేశం ఈ కొస నుంచి ఆ కొసకు నడిచిన ప్యాసింజరు బండి అది. దారిలో ఓ జంక్షన్‌లో ఇంకో కంపెనీ పెట్టెను జనంతో సహా దానికి తగిలించేవారు. అందుకే ఎనిమిది ఎర్ర పెట్టెల మధ్య ఒక్కటి ఆకుపచ్చ. దాని మీద ఆ కంపెనీ పేరే ఉంటుంది. రేపే మోడల్ రైళ్ళ ప్రదర్శన.

ఆ పొద్దున ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి ఒక్క కేక వేశారు.

"నా ఆకుపచ్చ పెట్టె ఏదే?"

"నన్నడిగితే? నేనేమన్నా ఎక్కి ఊరెళ్ళానా?" వంటింట్లోంచి భార్య అంది.

తొమ్మిది పెట్టెలూ ఎర్రగానే ఉన్నాయి. అయిదో దానిమీద రంగు ముద్దలు ముద్దలుగా ఉంది, కుంచె వెంట్రుకలు అంటుకున్నాయి, కంపెనీ పేరు మాయమైంది. గుమ్మంలో పిచ్చుక నిలబడి ఉంది, గోళ్ళనిండా ఎర్రరంగు.

పిచ్చుక అంటే కోడలి కూతురు. తిండి పిచ్చుక తిండే గనక ఆ పేరు. భర్త పోయిన అమ్మాయిని కొడుకు ఇష్టపడి చేసుకుని నాలుగు నెలలైంది. తల్లి చెయ్యి పట్టుకుని వచ్చిన ఆ తొమ్మిదేళ్ళ పిల్ల ఇంతవరకూ పెయింటరుగారిని ఏ వరసా పెట్టి పిలవలేదు. అవసరమైతే "అండీ" అనేది.

"పరాయి చెయ్యి పడితే ఇంతే!" అనేశారాయన.

కోడలు చేతిలో గరిటెతోనే వచ్చింది.

"రంగు గోకితే పోతుంది మామయ్యా. ఆ మాట పోదు."

"నేనన్నది పెట్టె గురించమ్మా..."

"కాదని పిల్లక్కూడా తెలుసు. ఇది ఇక్కడ ఇమడట్లేదేమోనని బళ్ళో హాస్టల్ సీటు అడిగాను. సోమవారంలోగా చెప్పమన్నారు. మనసొప్పక ఊరుకున్నాను. ఇవాళే సరేనని చెప్పేస్తాను."

కొడుకు పనికి వెళ్ళిపోయాడు, సర్దిచెప్పే దిక్కు లేదు. పెయింటరుగారి భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆయన ముందు నిలబడింది.

"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పెళ్ళైన నాటినుంచీ మొత్తుకుంటున్నాను. ఎందుకలా చేసిందో అడిగారా అసలు?"

అడగలేదు. అది తలచుకుంటే ఆయనకే సిగ్గేసింది.

పిచ్చుక పెరట్లో కుళాయి దగ్గర గోళ్ళు రుద్దుకుంటోంది. ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా పక్కన చతికిలబడ్డారు.

"ఎందుకమ్మా రంగు మార్చావు?"

పిల్ల గోళ్ళు రుద్దుతూనే చెప్పింది. "అదొక్కటే వేరే రంగు. పేరూ వేరే. రేపందరూ చూసి ఇది ఈ రైలుది కాదు, తీసెయ్యండి అంటారని."

"ఎవరంటారు?"

"బళ్ళో అంటారుగా. నీ ఇంటిపేరు వేరే, నువ్వు వాళ్ళ పిల్లవి కాదు అని."

పెయింటరుగారు చెయ్యి చాచి కుళాయి కట్టేశారు.

"అది ఆకుపచ్చగా ఉంటేనే తల్లీ ఇది ఆ బండి. లేకపోతే ఏదో ఎర్ర బండి. ఆ పెట్టె ఉండబట్టే జనానికి జంక్షన్‌లో సామాన్లు మోసుకుంటూ దిగి, ఇంకో రైలెక్కే బాధ తప్పింది. పేరు మార్చుకోమని దాన్నెవరూ అడగలేదు."

పిల్ల ఆలోచించింది. "మరి ఆఖరి స్టేషన్ వచ్చాక? వాళ్ళ కంపెనీకి వెనక్కి పంపేసేవాళ్ళా?"

ఆయన చిక్కుకుపోయారు. పంపేసేవాళ్ళే. రైళ్ళ విషయంలో ఆయన జన్మలో అబద్ధమాడలేదు. వెనక కోడలు గుమ్మం పట్టుకుని వింటోంది.

"పంపేసేవాళ్ళు" అన్నారు చివరికి.

పిచ్చుక తల వాలిపోయింది. ఆయన లేచి, ఆ ఎర్రటి చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చారు.

"నా పట్టాలు చూడు. ఆఖరి స్టేషనెక్కడుందో చెప్పు."

పిల్ల వేలితో పట్టాల వెంట నడిచింది. బల్ల చుట్టూ తిరిగి మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చింది.

"లేదు."

"లేదు కదా! మరి ఎక్కడికని పంపను?" ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "పొద్దున నేనన్నది తప్పమ్మా. ఈ ఇంట్లో పరాయిది ఏదన్నా ఉంటే నా నోరొక్కటే." కోడలి వైపు తిరిగారు. "ఆ హాస్టల్‌కి సరేనని..."

"చెప్పను మామయ్యా" అంది కోడలు, ఏడుస్తూనే.

అందరూ కలిసి పెట్టెను రంగు కరిగించే థిన్నర్‌లో ముంచి, చేతికందిన బ్రష్‌తో గీకారు. "అయ్యో, ఆ టూత్‌బ్రష్ నాదండీ!" అని భార్య అరిచేసరికే అది ఎర్రబడింది. మధ్యాహ్నానికి పెట్టెకు మళ్ళీ ఆకుపచ్చ వచ్చింది. అన్నిట్లోకీ సన్న కుంచె ఇచ్చి, కంపెనీ పేరు పిచ్చుక చేతే రాయించారు. ఒక అక్షరం కాస్త వంకరపోయింది. ముప్ఫై ఏళ్ళలో ఒక్క వంకర గీతనీ ఒప్పుకోని మనిషి దాని జోలికి పోలేదు.

రంగు ఆరాక పిల్ల ఆ పెట్టెను తనే ఎర్ర పెట్టెల మధ్య పెట్టి కొక్కేలు తగిలించింది. వెనక్కి తిరిగి చూసింది.

"తాతయ్యా, ఇంక రైలు వదలండి."

కళ్ళు మసకేసి, ఆయన స్విచ్ కోసం రెండుసార్లు తడుముకోవాల్సి వచ్చింది.