వానదారిలో మేనమామ

"దయచేసి స్థిమితపడండి. మీ స్థిమితాంకం నలభై ఆరు," అంది బండి.

తన్మయ్ స్థిమితపడలేదు. ఎలా పడతాడు? నాలుగడుగుల కాలవగట్టు దారి, ఒక పక్క నిండు కాలవ, రెండో పక్క మునిగిన చేలు, పైన ఎడతెగని వాన. ముహూర్తం పదకొండూ ఎనిమిదికి. ఇప్పుడు పదీ పది. పెళ్లి జరిగే పెదకొత్తలంక ఇంకా పదహారు కిలోమీటర్లుంది. బండి చూడబోతే గంటకు తొమ్మిది కిలోమీటర్ల చొప్పున, బాలింత నడిచినట్టు నడుస్తోంది. వెనక సీటుకు కట్టిన కొత్త వెదురుబుట్ట తడిసి ముద్దయింది. ఆ బుట్టలో మేనకోడల్ని కూర్చోబెట్టి పెళ్లిపీటల దాకా మోసుకెళ్లాల్సిన మేనమామ అతనే.

"నీకు దణ్ణం పెడతానే, కాస్త తొందరగా నడవ్వే."

"మీ గొంతులో ఆందోళన గుర్తించాను. స్థిమితాంకం నలభై మూడు. వేగం ఏడు కిలోమీటర్లకు తగ్గిస్తున్నాను."

"నీ స్థిమితం తగలెయ్యా!"

వేగం ఐదయింది.

ఎండలో ఈ కరెంటు బండ్లంత బుద్ధిమంతులు ఉండరు. చినుకు పడితేనే తంటా. కోస్తాలో ఏడాదికి ఎనిమిది నెలలు వాన కురవడం మొదలైన కొత్తలో, తడిరోడ్ల మీద జారి చచ్చిపోయినవాళ్లకు లెక్కలేదు. నిపుణులు కూర్చుని ఏళ్లతరబడి పరిశోధించి ఒక సంగతి కనిపెట్టారు. ముందు జారేది చక్రం కాదు, మనిషి చెయ్యి. భయంతోనో, కోపంతోనో, ఆత్రంతోనో గబుక్కున బ్రేకు నొక్కుతాడు, అప్పుడు చక్రం జారుతుంది. అందుకని హ్యాండిల్‌కి నాడిపిడి అమర్చారు. చినుకు పడగానే అది అరచేతుల్లోంచి నాడినీ చెమటనీ బిగువునీ చదివి, నూటికి ఇంత అని అంకె వేస్తుంది. అరవై దాటితే నీ ఇష్టం వచ్చినంత వేగం. తగ్గితే బండి ఇష్టం. ముప్పై కిందికి పోతే చక్రాలు బిగుసుకుపోతాయి. అంతే, వానచావులు ఆగిపోయాయి. కాదనడానికి లేదు. అందుకే దాన్ని ఎవరూ తిట్టరు. తిడితే ఆగిపోతుంది కనుక అసలే తిట్టరు.

తన్మయ్‌కి మాత్రం తిట్టకుండా ఉండడం ఈ రోజు చేతకావడం లేదు. చెల్లెలు హాసినితో మాటల్లేక మూడేళ్లయింది. తన కూతుర్ని అన్నయ్య కొడుక్కే ఇవ్వాలని ఆమె ఎప్పటినుంచో అనుకుంది. ఆ అబ్బాయి వేరే పిల్లను చేసుకున్నాడు. "నీ కొడుక్కి నువ్వు చెప్పుకోలేకపోయావా?" అంది హాసిని. "నీ కూతురికి మగాళ్లు కరువా?" అన్నాడు తన్మయ్. ఆ రెండు మాటలతో రెండిళ్ల మధ్యా రాకపోకలు ఆగిపోయాయి. ఆ కూతురికి మాత్రం బావ మీద అలాంటి ఉద్దేశం ఏనాడూ లేదు, అది వేరే సంగతి. పాత పేర్లు మళ్లీ మోజయిన రోజుల్లో పుట్టింది కనుక ఆ పిల్ల పేరు మంగతాయారు. నిన్న తనే ఫోన్ చేసింది.

"మావయ్యా, అమ్మ పిలవదు. నేను పిలుస్తున్నా. బుట్ట బాబాయి మోస్తానంటున్నాడు. ఆయనకసలే నడుం నొప్పి, నన్ను పందిట్లో కింద పడేస్తాడు."

"మీ అమ్మ ఏమంటోంది?"

"ఏమీ అనదు. బుట్ట మాటెత్తితే వీధిలోకి చూస్తుంది."

ఆ చూపు గుర్తొచ్చింది తన్మయ్‌కి. ఇవాళ వేళకు చేరకపోతే ఇక ఈ జన్మకు ఆ గడప తొక్కే మొహం ఉండదనుకున్నాడు. గుండె దడదడలాడింది.

"స్థిమితాంకం ఇరవై ఎనిమిది. మీ క్షేమం కోరి ప్రయాణం ఆపుతున్నాను."

చక్రాలు బిగుసుకున్నాయి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదంటే ఇదే. తోద్దామన్నా కదలదు. తన్నాడు. కాలు నొప్పి పెట్టింది తప్ప లాభం లేదు. నడిచిపోతే మూడు గంటలు పడుతుంది.

వెనకాల ఇంకో బండి వచ్చి ఆగింది. వానకోటు వేసుకున్న ఒకావిడ, వెనక రొయ్యల పెట్టె.

"ఏవండోయ్! దారికడ్డంగా నిలబడి ఆ తన్నడాలేంటండీ? మీ మూలాన నాది కూడా యాభైనాలుక్కొచ్చేసింది."

"బండి ఆగిపోయిందండీ. మా మేనకోడలి పెళ్లి. నేనే బుట్ట మొయ్యాలి."

ఆవిడ బుట్టని చూసింది. తర్వాత అతని మందుల కొరియర్ చొక్కాని చూసింది.

"వానబండి తోలేవోరే కదండీ మీరు! మీకు నేను చెప్పాలా? చల్లార్చేసుకోండి. పెళ్లి సంగతి అక్కడికెళ్లాక ఆలోచించుకోవచ్చు."

నిజమే. పద్నాలుగేళ్లుగా అతను చేస్తున్న పనే అది. వానలో బతుకుతెరువు వెతుక్కునే ప్రతివాడికీ చల్లార్పు వచ్చి తీరాలి. శిబిరాల్లో నేర్పుతారు. మనసుని కలవరపెడుతున్న మనిషిని తలుచుకోవడం, ఆ మొహం మీంచి చూపు తిప్పుకోవడం, తిప్పుకున్న చోట కరెంటు స్తంభాలు లెక్కపెట్టడం. భార్య జ్వరంతో ఉన్నప్పుడు భార్యని అలాగే పక్కన పెట్టాడు. కొడుకు చెప్పకుండా పెళ్లి చేసుకున్న రోజున కొడుకునీ పెట్టాడు. చెల్లెలి మీద మాత్రం ఎప్పుడూ ప్రయోగించలేదు. కోపమైనా సరే, మూడేళ్లూ దాన్ని దాచుకున్నాడు.

సీటు మీద కూర్చుని పిడి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ముందు తాయారుని తీసి పక్కన పెట్టాడు. నలభై ఒకటి. వీధిలోకి చూస్తున్న హాసినిని తీశాడు. యాభై. మాటకు మాట అన్న హాసినిని తీశాడు. రెండు జడలేసుకుని అతని సైకిలు వెనక కూర్చుని, పడిపోతానన్నయ్యా అని చొక్కా పట్టుకున్న ఏడేళ్ల పిల్లొకతె మిగిలింది. ఆ పిల్ల ఒక పట్టాన వదల్లేదు. చాలా స్తంభాలు లెక్కపెట్టాల్సి వచ్చింది.

"స్థిమితాంకం డెబ్భై ఆరు. శుభప్రయాణం."

బండి నీళ్లు చిమ్ముకుంటూ దూసుకుపోయింది. అతనికి వాన చల్లగా కూడా అనిపించలేదు.

పదకొండుకు పందిరి ముందు దిగాడు. హాసిని పట్టుచీరతోనే వానలోకి పరిగెత్తుకొచ్చింది.

"ఇప్పుడా రావడం? పీకల మీదికొచ్చాకా? ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నానిక్కడ! మూడేళ్లన్నయ్యా, మూడేళ్లు! నేనంటే అన్నాను, నువ్వు పెద్దవాడివి కావూ?" తిడుతూనే ఏడుస్తోంది, ఏడుస్తూనే అతని తల కొంగుతో తుడుస్తోంది.

"వాన వల్ల ఆలస్యమైంది, మన్నించాలి," అన్నాడు తన్మయ్. "బుట్ట ఎక్కడ దించమంటారు?"

హాసిని నవ్వేసింది, వేళాకోళం అనుకుని. తర్వాత అతని మొహంలోకి చూసి నవ్వడం మానేసింది. ఈలోగా పంతులుగారు కేకేశారు.

బుట్ట మొయ్యడంలో ఏ లోపమూ జరగలేదు. మరో ఇద్దరు తలో చెయ్యీ వేశారు. తన్మయ్ అడుగు తడబడలేదు, భుజం వణకలేదు, మేనమామంటే ఇలా ఉండాలని ముసలివాళ్లు మెచ్చుకున్నారు. తాయారు బుట్టలోంచి వంగి అతని చెవిలో, "వచ్చావు కదా మావయ్యా, నాకు చాలు," అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కదలకమ్మా, బరువు ఒక పక్కకి పోతుంది," అన్నాడతను.

జీలకర్రా బెల్లం అయ్యాక, హాసిని అతన్ని వంటపందిరి వెనక్కి లాక్కెళ్లింది.

"ఇంకా కోపం ఉందా అన్నయ్యా? ఉంటే తిట్టు. నా పెళ్లిలో తిట్టినట్టు అందరి ముందూ తిట్టు. పడతాను."

"కోపం లేదు."

"మరేంటలా ఉన్నావు? సరుకు దింపడానికి వచ్చినట్టు?"

అతను తనలో వెతుక్కున్నాడు. లోపల ఎక్కడా ఏమీ తగల్లేదు. ఏడవాలని ఉంది, అది కూడా తలకే తెలుస్తోంది తప్ప గొంతుకు తెలియడం లేదు. అబద్ధం చెప్పడానికి కావలసిన ఆత్రం కూడా లేకపోవడంతో నిజమే చెప్పాడు.

"నిన్ను తలుచుకుంటే బండి కదల్లేదు చెల్లీ. వేళకు రావాలంటే నిన్ను మనసులోంచి తీసెయ్యాల్సొచ్చింది. తీసేశాను. మళ్లీ ఎలా తెచ్చుకోవాలో తెలియడం లేదు."

హాసిని పిడికిలితో అతని గుండె మీద ఒకటి వేసింది. ఇంకోటి వేసింది. అతను ఆ చేతిని, మందుసీసా పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని, "నెమ్మది," అన్నాడు.

మూడేళ్లుగా ఆమె అతను అనబోయే ప్రతి మాటకీ జవాబు తయారుగా ఉంచుకుంది. తిడితే ఏమనాలో, ఏడిస్తే ఏమనాలో, గుమ్మంలోంచే వెనక్కి పోతానంటే ఏమనాలో అన్నీ అనుకుని పెట్టుకుంది. అతను "నెమ్మది" అంటాడని మాత్రం అనుకోలేదు. "భోంచేసి వెళ్లు," అని, తడిసిన కొంగు పిండుకుంటూ పందిట్లోకి వెళ్లిపోయింది.