మంచులో నల్ల మచ్చ

ఆ ఉదయం ఇంట్లో ఉన్నది నలుగురు. కిటికీ పక్క కుర్చీలో తాతయ్య, వంటింట్లో అమ్మ, ముందు రోజు బస్సు దిగిన అత్త, కంప్యూటర్ ముందు గువ్వ. నాన్న పనికి వెళ్ళిపోయాడు. నానమ్మ పోయి మూడేళ్ళయింది కాబట్టి ఆమెను లెక్కలో వేయడానికి లేదు.

గువ్వ అసలు పేరు అది కాదు. ఎవరైనా పలకరిస్తే గొంతు లోపలే ఉండిపోతుందని తాతయ్య పెట్టిన ముద్దుపేరు.

ఆ రోజు తాతయ్య పుట్టినరోజు. దాని కోసం గువ్వ నెల రోజులుగా ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. కొండల మీది పాత ఊళ్ళో ఆయన ఎప్పుడో తీసిన మంచు ఫొటోను ఆల్బమ్‌లోంచి తీసి స్కాన్ చేసింది. తెల్లటి పొలం, కర్ర కంచె, ఆకుల్లేని నాలుగు చెట్లు. అరచేతిలో పట్టేంత నలుపు తెలుపు ఫొటో. దాన్ని చేత్తో వేసిన బొమ్మలా మార్చాలని ఆమె కోరిక. మంచు మీద నీడలకు లేత నీలం అద్దింది. ఆయిల్ పెయింట్ ఎఫెక్ట్ పెట్టి, కుంచె గీతలు మరీ లావుగా రాకుండా స్లైడర్‌ని అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. కంచె అవతల ఆవగింజంత నల్ల మచ్చ కనిపిస్తే తుడిచేసింది.

మచ్చలు తుడవడం నేర్పింది తాతయ్యే. ముప్పై ఏళ్ళు ఆయన ఒక ఫొటో స్టూడియోకి టచప్ పని చేశాడు. మూడు వెంట్రుకల కుంచెతో దుమ్ము మచ్చలూ, గీతలూ, పెళ్ళికూతుళ్ళ మొటిమలూ మాయం చేసేవాడు. "మచ్చ కనపడిందా, వదలకూడదు" అని గువ్వకు వంద సార్లు చెప్పుంటాడు.

గోడకు ఆనించిన పెద్ద ప్రింటు మీద దుప్పటి కప్పి ఉంది.

"ఇంక తియ్యవే తల్లీ, మా గుండెలు ఆగేలా ఉన్నాయి" అంది అత్త.

గువ్వ దుప్పటి లాగింది.

"అబ్బ! అచ్చం కుంచెతో వేసినట్టే ఉందే" అంది అమ్మ, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "మామయ్యగారూ, చూశారా?"

తాతయ్య చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మెల్లగా లేచి వచ్చి కంచె పక్కన వేలు పెట్టాడు.

"ఇక్కడ ఒకటి ఉండాలే?"

"మచ్చా? తుడిచేశాను తాతయ్యా." ఆ మాట మాత్రం గువ్వ గట్టిగానే చెప్పింది.

"అది మచ్చ కాదే. మీ నానమ్మ."

వంటింట్లో పాలు పొంగుతున్న చప్పుడు వినిపించినా ఎవరూ కదలలేదు.

"మా అమ్మని తుడిచేశావా?" అంది అత్త. "నెల రోజులు ఆ డబ్బా ముందు కూర్చుని చేసిన ఘనకార్యం ఇదా?"

"చిన్నపిల్ల, తెలియక చేసింది వదినా."

"తెలియకపోతే నోరు లేదా? ఒక్క మాట అడిగితే ముత్యాలు రాలిపోతాయా?"

గువ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అడిగుంటే బాగుండేదని ఆమెకూ తెలుసు.

"దాన్ని అనకు" అన్నాడు తాతయ్య, కుర్చీలో కూలబడుతూ. "నేర్పింది నేను." ఆ రోజు సంగతి ఆయనే మొదలుపెట్టాడు. "ఆ రోజు నేను ఎవరో పెళ్ళికూతురి ఫొటోకి టచప్ చేస్తున్నాను. మీ నానమ్మ వచ్చి కొత్త శాలువా ఎలా ఉందని అడిగింది. తల ఎత్తకుండానే బాగుందన్నాను. 'ఊళ్ళో ఆడవాళ్ళ మొహాలన్నీ చూస్తావు, నా మొహం తప్ప' అని అలిగి పుట్టింటికి బయల్దేరింది. పిలుద్దామంటే అహం. పోతే పో అని, కిటికీలోంచి ఆ ఫొటో తీశాను. తర్వాత మనసాగక పరిగెత్తి కేక వేశాను. నా కేక వినే వెనక్కి తిరిగింది."

అత్త కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "అమ్మ ఎప్పుడైనా ఒప్పుకుందా ఆ మాట? నీ కేక కంటే ముందే తిరిగానని అనేదిగా."

"అబద్ధం. నలభై ఏళ్ళు అదే పాట పాడింది."

"తాతయ్యా." గువ్వ గొంతు పీలగా వచ్చింది. "నానమ్మ ఎక్కడికీ పోలేదు. కింది లేయర్‌లో ఉంది."

అసలు ఫొటోను ముట్టుకోకుండా, రంగులన్నీ దాని పైన పొరలుగా వేసింది ఆమె. పై పొరలు దాచేసరికి, కంచె అవతల నల్ల మచ్చ మళ్ళీ కనిపించింది. అక్కడ మాత్రం రంగు పడకుండా చేద్దామని దాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసి, ఆగిపోయింది.

"శాలువా తల మీదుగా కప్పుకుందా?"

"తల నిండా. నల్ల శాలువా."

"మరి వెనక నుంచి చూస్తే అంతా నల్లగానే ఉండాలిగా?"

నలుపులో, పైభాగాన, చిన్న తెల్లటి చుక్క.

"దుమ్మేమోనే" అంది అత్త.

తాతయ్య తెరకు ముక్కు ఆనేంత వంగాడు. ముప్పై ఏళ్ళు దుమ్ముతోనే బతికిన మనిషి. చాలాసేపు చూశాడు.

"దుమ్ము అంచు పదునుగా ఉంటుంది. ఇది మెత్తగా కలిసిపోయింది. దుమ్ము కాదు, మొహం."

"అంటే అప్పటికే ఇటు తిరిగి ఉందా?" అంది అమ్మ.

"అప్పటికి నేనింకా కిటికీ దగ్గరే ఉన్నాను, కేకే వెయ్యలేదు" అన్నాడు తాతయ్య. "గెలిచావే మహాతల్లీ."

గువ్వ పొరలన్నీ తిరిగి పెట్టి, ఆ ఒక్కచోట రంగు తీసేసి, ఇంట్లో ఉన్న చిన్న ప్రింటర్‌లోనే ఒక కాగితం తీసింది. చుట్టూ నీలం నీడల బొమ్మ. మధ్యలో ఆవగింజంత నానమ్మ, ఏ కుంచే తాకకుండా. తాతయ్య రెండు చేతులతో అందుకుని తన గదివైపు నడిచాడు. చెయ్యి పట్టుకుందామని గువ్వ వెనకే వెళ్ళింది.

గడప దగ్గర ఆయన వెనక్కి తిరిగాడు.

"నువ్వు కాసేపు బయటుండవే గువ్వా. శాలువా ఎలా ఉందో ఆవిడకింకా సరిగ్గా చెప్పలేదు."

చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.