సారక్క సగం మాట

సూరత్‌లో మగ్దల్లా వంతెన దాటి, తాపీ నది సముద్రంలో కలిసే వైపు పోతే, మడచెట్ల నడుమ ఇటుకలు ఊడిపోయిన పాత రేవు ఒకటి ఉంది. దాన్ని మూంగీ ఘాట్ అంటారు. మూగామె రేవు అన్నమాట. అమావాస్య రాత్రి అక్కడ ఎవరూ పడవ కట్టరు. నీళ్ల మీద లాంతరు పట్టుకున్న ఆడమనిషి కనిపిస్తుందట. నోరు కదులుతుందట... చప్పుడు మాత్రం రాదట. శాపం పెడుతున్నదని చేపలవాళ్లు అంటారు, మంత్రం చదువుతున్నదని లారీలవాళ్లు అంటారు.

రెండూ కాదు. ఆమె మూగది కూడా కాదు. పేరు సారక్క. పాండేసరాలో నేను సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన షెడ్డులోనే కండెలు చుట్టేది. ఆమె భర్త బిక్షపతి నా పక్క సాంచాల మీద ఇరవై ఎనిమిదేండ్లు పనిచేశాడు. ఈ సంగతి చాలామట్టుకు నాకు అతను చెప్పిందే. మొన్న ఎండాకాలం బమ్రోలిలో కన్నుమూశాడు. బతికి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు.

మొదట ఒక మాట తెలియాలి. మరమగ్గాల షెడ్డులో ఏదీ వినపడదు. నూరు సాంచాలు ఒక్కసారి కొడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా గాలే తగులుతుంది. అందుకని మేము పెదవులు చూసి మాట్లాడుకుంటాం. గొంతు కలపం, దండగ. రాత్రి పాళీలో అయితే మాట్లాడే మనిషి ముఖాన్ని బల్బు వెలుగులోకి తెస్తాడు, అవతలి మనిషి చదువుకుంటాడు. బిక్షపతి, సారక్క ఇంటికి పోయినా అట్లాగే మాట్లాడుకునేవాళ్లు. ఆ మొగుడూపెళ్లాలు ఎన్నడూ కొట్లాడరని పక్కింటివాళ్లు మెచ్చుకునేవాళ్లు. వాళ్లు రోజూ కొట్లాడేవాళ్లు.

ముప్పై ఏండ్లు సూరత్‌లో ఉండి కూడా సారక్క సముద్రాన్ని డుమస్ ఒడ్డున నల్ల బురదగానే చూసింది. ఇది సముద్రమా, చెరువు పూడికనా అని నవ్వేది. ఒకసారి మా సేటు తెరచాపల గుడ్డకు ఆర్డరు పట్టాడు. నేసింది బిక్షపతే. ఆ గుడ్డ కొన్న రమణ్ భాయ్ అనే తండేలు, పడవ నడిపే పెద్ద, నేత చూసి ముచ్చటపడి, ఎప్పుడైనా వచ్చి నా పడవ ఎక్కండి అన్నాడు. మర్యాదకు అన్న మాట అది. సారక్క గట్టిగా పట్టుకుంది. ఎనిమిదేండ్ల కింద, బిక్షపతి పని మానుకున్న నెలలోనే, ఇద్దరూ మూట కట్టుకొని పోయి రేవులో నిలబడ్డారు. పాపం, తండేలు కాదనలేకపోయాడు.

తను నేసిన గుడ్డకు గాలి నిండి పడవ కదులుతుంటే బిక్షపతి రెండు గంటలు తల దించలేదట. దమణ్‌లో కోట గోడ నీడకు కూర్చొని సజ్జరొట్టె తిన్నారు. దహాణు దగ్గర అతను వాంతులు చేసుకుంటుంటే ఆమె పడి పడి నవ్వింది. వసాయి దగ్గర చుక్కాని అడిగి తీసుకొని అరగంట తనే తిప్పింది. ముంబైలో భావుచా ధక్కా రేవుకు ఆనుకొని అంత పెద్ద పట్నం ఉంటే, ఒక పూట తిరిగి చాలన్నది. నీళ్లమీదికే పోదామన్నది.

రెండు రోజులు తండేలు వీళ్లిద్దరినీ మూగవాళ్లే అనుకున్నాడు. అన్నానికి రమ్మని చేతులతో సైగ చేసేవాడు. మూడో రోజు సారక్క హిందీలో గట్టిగా చెప్పింది, మేము మూగోళ్లం కాదు, సాంచాలోళ్లమని.

"లగ్గమైనంక మాకు సెలవంటే గా పదకొండు దినాలే అన్నా" అనేవాడు బిక్షపతి.

పదకొండో రాత్రి అమావాస్య. తిరిగి వచ్చేసరికి ఆటు మీద నది మొగలో నీళ్లు లేవు. పోటు వచ్చేదాకా ఆగాలని ఆ ఇటుకల రేవుకు పడవ కట్టారు. తండేలు దిగి ఒడ్డు వెంట ముందుకు నడిచి నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూడబోయాడు. కాళ్లు తిమ్మిరెక్కి బిక్షపతి రేవు మీదికి దిగాడు. సారక్క పడవలోనే గిన్నెలు సర్దుతున్నది.

అక్కడ పోటు మెల్లగా రాదు. అమావాస్య నాడైతే... గోడ నెట్టినట్టు వస్తుంది.

తాడు కట్టిన మేకు ఇటుకలతో సహా పెకిలి వచ్చింది. బిక్షపతి తిరిగి చూసేసరికి పడవ పది బారల దూరంలో ఉంది. తర్వాత ఇరవై.

సారక్క అరవలేదు. అరిస్తే, సాంచా చప్పుడు లేని ఆ రాత్రి, సాంచాల హోరుకు చెవులు మందగించిన బిక్షపతికైనా కొంత తగిలేదేమో. కాని ఆమె అలవాటు ఆమెను పట్టుకుంది. లాంతరు ఎత్తింది. ముఖం పక్కన పెట్టుకుంది.

'నువ్వు' అన్నది.

మూతి గుండ్రంగా పెట్టి, 'దుం—' అన్నది...

గాలికి లాంతరు ఆరిపోయింది.

పడవ వంతెన కాలికి కొట్టుకొని బోల్తాపడింది. సారక్క మూడో రోజు దొరికింది.

మా దిక్కు దూకడాన్ని దుంకడం అంటాం. మరి ఆమె 'నువ్వు దుంకు' అన్నదా, 'నువ్వు దుంకకు' అన్నదా? రమ్మన్నదా, వద్దన్నదా? పెదవుల మీద రెంటికీ తేడా ఒక్కటే. దుంకకు అనాలంటే నడుమ నోరు ఒకసారి తెరుచుకోవాలి. దుంకు అంటే తెరుచుకోదు, మూతి చివరిదాకా గుండ్రంగానే ఉంటుంది.

బిక్షపతికి ఈత రాదు. అతను దుంకలేదు. నిలబడ్డాడు.

"ఒద్దన్నదంటే సరే అన్నా. రమ్మన్నదంటే..." అని అక్కడే ఆగిపోయేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అక్కడే.

ఏడాది తిరగకముందే రేవుకు చెడ్డపేరు వచ్చింది. బిక్షపతికి అది భయం కాలేదు, ఆశ అయింది. ప్రతి అమావాస్యకూ పోయేవాడు. కాని అప్పటికే షుగరు అతని కండ్లు తినేసింది. వెలుగేదో మసకగా తెలుస్తున్నది గాని మూతి తెలుస్తలేదన్నాడు. ఆటో నడిపే గుజరాతీ ఆయనను ఒకసారి వెంట తీసుకపోయాడు. ఆయన నోరు కదలడం చూశాడు, మాట పట్టలేకపోయాడు. వారం రోజులు జ్వరంతో పడ్డాడు.

దానికి సాంచాల మనిషే కావాలి. అందుకని నా దగ్గరికి వచ్చాడు.

దెయ్యాలు లేవు, ఉన్నదంతా నీ మనసులోనే అన్నాను. మూడు అమావాస్యలు తిప్పిపంపాను. నాలుగోసారి నా గడపలో కూర్చున్నాడు, లేవలేదు.

"దశరథన్నా, నువ్వు నమ్మకు. చూసి చెప్పు, సాలు."

పోయాను. ఏం చెప్పాలో తొవ్వలోనే నిశ్చయం చేసుకున్నాను. లేనిదాన్ని చూసినట్టు చెప్తే పాపమేముంది?

మడచెట్ల కింద బురద వాసన. దూరంగా హజీరా వైపు ఫ్యాక్టరీల వెలుగు. రేవు మీద మేమిద్దరమే. అతను నా మోచెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది.

నీళ్లు కదిలాయి. ముందు సన్నని గుసగుస... తర్వాత చాప చింపినట్టు చప్పుడు. పోటు వచ్చింది.

చీకటి. నీళ్లు. అంతకుమించి ఏమీ లేదు.

"అచ్చిందా?" అన్నాడు గొంతు లేకుండా.

చీకట్లో అతని పెదవులు నాకు కనపడలేదు. అయినా అర్థమైంది.

"అచ్చింది" అన్నాను అతని చెవిలో.

"ఏమంటాంది?"

"దుంకకు అంటాంది."

"నడుమ నోరు తెరిచిందా? మంచిగ చూసినవా?"

"తెరిచింది. నా రెండు కండ్లతోని చూసిన."

అతను ఇటుకల మీద కూలబడ్డాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. తడిమి చూస్తే నవ్వుతున్నాడు.

"ఎనిమిదేండ్ల సంది గోడ లెక్క నిలబడ్డ అనుకున్న అన్నా. గట్ల కాదు. దాని మాట విన్న. ఒక్కసారన్న విన్న."

లేచాడు. నీళ్ల వైపు ఒకసారి దండం పెట్టి, గోడ పట్టుకుంటూ తొవ్వ వైపు ముందు నడిచాడు. అంత తేలికగా అతను నడవడం ఎన్నేండ్ల తర్వాతనో చూశాను. నా అబద్ధం నాకు ముద్దొచ్చింది.

నేను అతని వెనక పోబోయాను.

ఇటుకల మీద నా నీడ పడింది.

వెలుగు నా వెనక నుంచి వస్తున్నది.

తిరిగాను. ఇరవై బారల దూరంలో, నీళ్ల మీద, లాంతరు. దాని పక్కన ముఖం. షెడ్డులో బల్బు కింద ఇరవై ఎనిమిదేండ్లు చూసిన ముఖం. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. నన్ను చూడడం లేదు. నా భుజం మీదుగా, పోతున్న మనిషిని చూస్తున్నది.

'నువ్వు' అన్నది.

మూతి గుండ్రంగా పెట్టింది.

తెరువు సారక్కా... ఒక్కసారి నోరు తెరువు.

తెరవలేదు. మూతి చివరిదాకా గుండ్రంగానే ఉంది. షెడ్డులో మాట అందని మనిషికి చెప్పినట్టు, మెల్లగా, విడమరిచి, మళ్లీ అన్నది. మళ్లీ అన్నది.

"ఏంది అన్నా, గక్కడే నిలబడ్డవ్?" తొవ్వ మీద నుంచి బిక్షపతి పిలిచాడు.

"చెప్పు బురదల ఇరికింది" అన్నాను. "నువ్వు నడువు."